జీవ ఉత్పాదకాలు ఎక్కడ తయారు కావాలి?

గోదావరికి దక్షిణాన ఉన్న పూర్వపు కరీంనగర్ జిల్లా, ఉత్తరాన ఉన్న పూర్వపు ఆదిలాబాద్ జిల్లా 2016 అక్టోబర్‌లో చిన్న జిల్లాలుగా విడిపోయినా, సాగు విషయంలో ఈ ప్రాంతం పక్కనున్న నిజామాబాదుతో కలిసి ఉత్తర తెలంగాణ వ్యవసాయ మండలంగానే పరిగణనలో ఉంది. జగిత్యాల దగ్గరి పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఈ మండలానికి శాస్త్ర కేంద్రం. శ్రీరాంసాగర్ కాలువల కింద వరి, మక్కజొన్న, పసుపు పండుతుండగా, గోదావరి దాటిన తరువాత నల్లరేగడి నేలల్లో వానలను నమ్ముకుని పత్తి, సోయాచిక్కుడు, కంది, యాసంగిలో శనగ సాగవుతున్నాయి. ఈ పంటలకు వాడుతున్న రసాయన ఎరువులు, పురుగుమందుల్లో కొంతభాగానికి బదులుగా, మరికొంతభాగానికి తోడుగా ఉపయోగపడే జీవ ఉత్పాదకాలను ఈ నేల మీదనే తయారు చేయడంలో ఉన్న కష్టాలు, అవకాశాలు ఈ ప్రసంగానికి విషయం.

జీవ ఉత్పాదకాలు అన్న పేరు కింద మూడు వేర్వేరు తెగల సరుకులు చేరుతున్నాయి. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే, లేదా నేలలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కరిగించే సూక్ష్మజీవులను జీవన ఎరువులంటారు. తెగులు కలిగించే శిలీంధ్రాన్ని అణచే మరో శిలీంధ్రం, పురుగు గుడ్డులో చేరి దానిని నాశనం చేసే మరో పురుగు వంటి శత్రుజీవులను జీవ నియంత్రణ కారకాలంటారు. పెండ, మూత్రం, వేపగింజలు, ఆకులు అలములతో రైతు ఇంటివద్దనే చేసుకునే జీవామృతం, కషాయాల వంటివి మూడవ తెగ. మొదటి రెండింటిలో పని చేసేది పేరు పెట్టి గుర్తించి లెక్కించదగిన ఒక ప్రాణి కాగా, మూడవదానిలో పని చేసేది అనేక పదార్థాల, అనేక జీవుల మిశ్రమం. తయారీ పద్ధతి, నాణ్యతను కొలిచే తీరు, అమ్మకానికి వర్తించే చట్టం ఒక్కోదానికి ఒక్కోలా ఉండగా, మూడింటినీ ఒకే గాటన కట్టి ప్రోత్సహించడం వల్ల ఇప్పటికే చాలా గందరగోళం పుట్టింది.

ఎరువుల తయారీ ఈ ప్రాంతానికి కొత్త కాదు. రామగుండంలోని పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడగా, అదే చోట రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ సంస్థ ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో 2021 మార్చిలో యూరియా వాణిజ్య ఉత్పత్తిని ప్రారంభించింది. అక్కడ తయారైన యూరియాను తేమ తగలకుండా గోదాములో నెలల తరబడి ఉంచినా, రైల్లో వెయ్యి కిలోమీటర్లు పంపినా, అందులోని నత్రజని 46 శాతంగానే ఉంటుంది. అందుకే ఒక్కచోట భారీగా తయారు చేసి దేశమంతా పంచడం దానికి సాధ్యమైంది. జీవన ఎరువు స్వభావం ఇందుకు పూర్తిగా వేరు. పొట్లంలోని బ్యాక్టీరియా చనిపోయిన తరువాత రైతు చేతికి మిగిలేది, వాహకంగా వాడిన లిగ్నైట్ బొగ్గుపొడి మాత్రమే. తయారైన రోజు నుంచి విత్తనానికి పట్టించే రోజు వరకు ప్రతి వారమూ దాని విలువ తరుగుతూనే ఉంటుంది కనుక, తయారీ కేంద్రం పొలానికి ఎంత దగ్గరగా ఉంటే రైతుకు అంత మేలు.

ఆదిలాబాద్, రామగుండం ఎండలను గుర్తు చేసుకుంటే ఈ మాటలోని బరువు తెలుస్తుంది. మే నెలలో ఈ రెండు చోట్లా ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. వానాకాలం పంటకు కావలసిన సరుకు లారీల్లో ప్రయాణించి, రేకుల కప్పు కింద ఉన్న దుకాణాలకు చేరేది సరిగ్గా ఆ ఎండల్లోనే. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో 2006లో చేర్చిన ప్రమాణాల ప్రకారం, పొడి రూపంలోని రైజోబియం వంటి జీవన ఎరువులో గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలు, ద్రవ రూపంలో మిల్లీలీటరుకు 10 కోట్ల సజీవ కణాలు ఉండాలి. తయారీ గదిలో ఈ సంఖ్యను సాధించడం కష్టమేమీ కాదు. జూన్ మూడవ వారంలో ఆదిలాబాద్ జిల్లాలోని జైనథ్ దుకాణంలోనో బోథ్ దుకాణంలోనో దానిని నిలబెట్టడమే కష్టం. కణాలను కాపాడే పదార్థాలు కలిపిన ద్రవరూప ఎరువు పొడి కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది కాబట్టి, ఈ ప్రాంతానికి ద్రవరూపమే తగినదని చెప్పవచ్చు. అయితే ద్రవాన్ని సీసాల్లో నింపేటప్పుడు ఇతర సూక్ష్మజీవులు చొరబడకుండా చూడడానికి శుభ్రమైన గది, నిలకడైన కరెంటు, చేయి తిరిగిన పనివాళ్లు కావాలి.

ఈ ప్రాంతంలో జీవన ఎరువుకు అన్నిటికంటే పెద్ద అవసరం సోయాచిక్కుడు పొలాల్లో ఉంది. పప్పుజాతి మొక్కల వేళ్ల మీది బుడిపెల్లో నివసించే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుందని జర్మనీ శాస్త్రవేత్తలు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ 1888 ప్రాంతంలో నిరూపించగా, 1896 నాటికే ఆ దేశంలో అటువంటి బ్యాక్టీరియాను రైతులకు అమ్మడం మొదలైంది. భారతదేశంలో 1920లోనే ఎన్.వి. జోషి ఈ జీవులపై అధ్యయనం చేశారు. కానీ ఒక పంట వేరులో చేరే బ్యాక్టీరియా మరో పంట వేరులో చేరదన్న సంగతి దుకాణం దాకా ఇంకా సరిగా చేరలేదు. కందికి పనికివచ్చే రకం సోయాకు పనికిరాదు. శనగకు మీసోరైజోబియం అనే వేరే జాతి కావాలి. సోయాకు అవసరమైన బ్రాడీరైజోబియం జపానికం, ఆ పంట లాగే, మన నేలలకు బయటినుంచి వచ్చినది. సోయా కొత్తగా వేస్తున్న పొలంలో విత్తనానికి ఆ బ్యాక్టీరియాను, అంటే దాని కల్చర్‌ను, పట్టించకపోతే వేరు బుడిపెలు సరిగా ఏర్పడవు, గాలిలోని నత్రజని మొక్కకు అందదు, ఆ లోటును రైతు యూరియాతో పూడ్చుకోవలసి వస్తుంది. విత్తిన 35, 40 రోజులకు ఒక మొక్కను వేళ్లతో సహా తీసి బుడిపెను కోసి చూస్తే, లోపల లేత ఎరుపు రంగు ఉన్నట్లయితే నత్రజని స్థిరీకరణ జరుగుతున్నట్టు లెక్క. వేలు ఖరీదు చేసే పరికరమేదీ లేకుండా పొలంలోనే చేయగల ఈ పరీక్ష ప్రతి సోయా రైతుకూ తెలిసి ఉండాలి.

బ్రెజిల్ దేశంలో సోయా పంట నత్రజని ఎరువు దాదాపు లేకుండానే పండుతోంది. అక్కడి నేలలకు తగిన బ్యాక్టీరియా రకాలను దశాబ్దాలపాటు ఎంపిక చేసి, ఏటా విత్తనానికి పట్టించే అలవాటును రైతుల్లో పాదుకొల్పిన పరిశోధన దీనికి కారణం. ఆ కృషికిగాను శాస్త్రవేత్త మరియాంజెలా హుంగ్రియాకు 2025 సంవత్సరపు ప్రపంచ ఆహార బహుమతి లభించింది. రైతు తన సొంత పొలం కోసం జీవ ఉత్పాదకాలను తయారు చేసుకోవడానికి వీలు కల్పిస్తూ ఆ దేశం 2024 డిసెంబర్‌లో ప్రత్యేక చట్టం కూడా చేసింది. పెన్‌గంగ ఒడ్డున నల్లరేగడిలో నిలిచే, ఆదిలాబాద్ ఎండను తట్టుకునే బ్రాడీరైజోబియం రకాన్ని ఎంపిక చేసి రైతుకు అందించడం మన పరిశోధన సంస్థలకు అందని పని కాదు. దాన్ని ఏటా జూన్ మొదటివారానికల్లా తాజాగా పల్లెకు చేర్చే ఏర్పాటు లేకపోవడమే అసలు కొరత.

నల్లరేగడికి సంబంధించిన మరో సంగతి భాస్వరం. సున్నం పాలు ఎక్కువగా ఉన్న ఈ నేలల్లో వేసిన భాస్వరంలో పెద్దభాగం సున్నంతో కలిసి మొక్కకు అందని రూపంలోకి మారిపోతుంది. ఏళ్ల తరబడి డీఏపీ అనే భాస్వరపు ఎరువు వేసిన పొలాల్లో ఈ నిల్వ పేరుకుపోయి ఉంది. సేంద్రియ ఆమ్లాలను విడుదల చేసి ఆ భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియాను వాడి డీఏపీ మోతాదు తగ్గించుకోవచ్చని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. అంటే రైతు ఇప్పటికే డబ్బు చెల్లించి నేలలో దాచుకున్న ఎరువును తిరిగి బయటకు తీసే పని అది.

పల్లెలోనే తయారు చేయగల జీవ ఉత్పాదకానికి మేలైన ఉదాహరణ ట్రైకోడెర్మా. జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతాల పసుపు రైతులను ఏటా వేధించే దుంపకుళ్ళు, కందిలో ఎండు తెగులు వంటి నేల నుంచి వచ్చే రోగాలపై ఈ పచ్చని శిలీంధ్రం పని చేస్తుంది. అది రోగకారక శిలీంధ్రంతో ఆహారం కోసం పోటీపడడమే కాక, దాని పోగులను చుట్టుకుని తినివేస్తుంది కూడా. 2 కిలోల ట్రైకోడెర్మా పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తడి ఆరకుండా నీడలో వారం పది రోజులు కప్పి ఉంచితే, ఆ కుప్పంతా శిలీంధ్రం అల్లుకుని ఒక ఎకరానికి సరిపోతుంది. ఇక ఆ శిలీంధ్రాన్ని పెంచడానికి జొన్న గింజలు చాలు. నానబెట్టిన జొన్నలను సంచుల్లో నింపి, ఆవిరి పీడనంలో ఉడికించి, చల్లారిన తరువాత తల్లి కల్చర్, అంటే ప్రయోగశాలలో స్వచ్ఛంగా పెంచిన మూల శిలీంధ్రం, కొద్దిగా చేర్చి ఉంచితే రెండు వారాల్లో గింజలన్నీ పచ్చబడతాయి. పచ్చజొన్న పండించడం తరతరాలుగా తెలిసిన ఆదిలాబాద్ గిరిజన గ్రామాల్లో ఈ పరిశ్రమకు ముడిసరుకును వెతుక్కోవలసిన పని లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రైతులకు, మహిళలకు ఇటువంటి తయారీలో శిక్షణ ఇస్తోంది కూడా.

అయితే చాలా చోట్ల ఇటువంటి చిన్న కేంద్రాలు రెండు మూడు సీజన్లలో నీరసించిపోవడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. తల్లి కల్చర్ నుంచి ఒక సంచి, ఆ సంచి నుంచి మరో సంచి, దాని నుంచి ఇంకొకటి అంటూ పెంచుకుంటూ పోతే, శిలీంధ్రం క్రమంగా తన శక్తిని కోల్పోతుంది. దానితోపాటు నల్లని, నారింజ రంగు బూజులు చొరబడతాయి. ప్రతి సీజన్ మొదట్లో పరిశోధన స్థానం నుంచి కొత్త తల్లి కల్చర్ తెచ్చుకోవడం, తయారైన సరుకులో గ్రాముకు కనీసం 20 లక్షల సజీవ కణాలున్నాయో లేవో పరీక్ష చేయించుకోవడం, ఈ రెండూ లేని శిక్షణ ఎంత బాగా ఇచ్చినా నిలవదు. పల్లెలో ఉత్సాహానికి కొదవ లేదు, పొలాసలో విద్యకు కొదవ లేదు. ఆ రెండింటినీ సీజనుకు ఒకసారి తప్పకుండా కలిపే దారి మధ్యలో తెగిపోయి ఉంది.

ట్రైకోగ్రామా అనే సన్నని బదనికల విషయంలో దూరం మరింత కఠినమైన అడ్డంకి. వరిలో మొగి పురుగు, మక్కజొన్నలో కాండం తొలుచు పురుగు పెట్టిన గుడ్లలో ఇవి తమ గుడ్లు పెట్టి, పురుగు పుట్టకముందే దానిని అంతం చేస్తాయి. బియ్యపు చిలుక అనే మరో కీటకాన్ని జొన్న లేదా సజ్జ నూకల మీద పెంచి, దాని గుడ్లను అట్టముక్కలకు అతికించి, ఆ గుడ్ల మీద ఈ బదనికలను పెంచుతారు. వాటినే ట్రైకో కార్డులంటారు. తయారైన వారం పది రోజుల్లో బదనికలు బయటికి వస్తాయి కనుక, ఆలోగా కార్డు పొలంలో ఆకు కింద ఉండాలి. ఇటువంటి సరుకును వందల కిలోమీటర్ల అవతల ఉన్న కర్మాగారం నుంచి తెప్పించి గోదావరిఖని మీదుగా చెన్నూరు పల్లెలకు సకాలంలో పంచగల వ్యాపారి దొరకడం కష్టం. 1990ల్లో సోవియట్ యూనియన్ కూలిపోయి రసాయన మందులు దొరకని స్థితిలో క్యూబా దేశం ఇటువంటి శత్రుజీవుల తయారీకి రెండు వందలకు పైగా చిన్న కేంద్రాలను సహకార క్షేత్రాల దగ్గరే నెలకొల్పుకోవడానికి కారణం ఇదే.

పత్తి విషయంలో, ఇటువంటి సరుకు సకాలంలో అందనందుకు చెల్లించిన మూల్యం పెద్దది. 2002లో, పురుగును చంపే విషాన్ని మొక్కే తయారు చేసుకునే బీటీ పత్తి వచ్చిన తరువాత తగ్గినట్టు కనిపించిన కాయతొలుచు పురుగుల్లో, గులాబీ రంగు పురుగు క్రమంగా బీటీ విషానికి తట్టుకునే శక్తిని సంపాదించి మళ్లీ విజృంభించింది. 2017లో పెన్‌గంగకు అవతలి ఒడ్డున ఉన్న యవత్‌మాల్ జిల్లాలో పత్తి మీద మందులు పిచికారీ చేస్తూ ఇరవైమందికి పైగా రైతులు, కూలీలు విషప్రభావంతో ప్రాణాలు కోల్పోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆదిలాబాద్ పత్తి రైతు వాడే మందులు, అతడు పిచికారీ చేసే తీరు, చేనులో నడుము దాటి పెరిగే పత్తి, ఏవీ యవత్‌మాల్‌లోని వాటికి భిన్నమైనవి కావు. పిచికారీ చేసే మనిషి శ్వాసను కాపాడడానికి కూడా జీవ ఉత్పాదకాలు కావాలని ఆ ఏడాది స్పష్టం చేసింది. గులాబీ రంగు పురుగును కనిపెట్టడానికి లింగాకర్షక బుట్టలు, గుడ్ల దశలో వేపగింజల కషాయం, ట్రైకో కార్డులు సకాలంలో అందినట్లయితే రసాయన మందు పిచికారీల సంఖ్యను తగ్గించుకోవచ్చు. 2004 నుంచి పూర్వపు ఆదిలాబాద్ జిల్లా గిరిజన రైతులతో సేంద్రియ పత్తి సాగును నిర్వహిస్తున్న చేతన ఆర్గానిక్ సంస్థ అనుభవం, రసాయనాలు లేని పత్తికి ఇక్కడ చోటు ఉందని చూపింది. అయితే సేంద్రియ ధ్రువీకరణకు బీటీ విత్తనం పనికిరాదు కాబట్టి, బీటీ కాని మంచి విత్తనం దొరకకపోవడం అటువంటి ప్రయత్నాలన్నిటికీ ఎదురయ్యే అడ్డంకి.

ఇంటి తయారీలైన జీవామృతం, కషాయాలకు తెలంగాణలో మంచి పునాది పడి ఉంది. నేటి జనగామ జిల్లాలోని ఏనబావి గ్రామం సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడ్పాటుతో 2006 నాటికే రసాయనాలను పూర్తిగా వదిలిపెట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సాగు అనేక జిల్లాలకు విస్తరించింది. ఎకరానికి 200 లీటర్ల నీటిలో 10 కిలోల పెండ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు మంచి మట్టి కలిపి రెండు రోజులు పులియబెడితే జీవామృతం సిద్ధమవుతుంది. కానీ ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు వచ్చాక కరీంనగర్ వరి గ్రామాల్లో ఎడ్లు తగ్గి, పెండ కరువైంది. గడ్డి పొలంలోనే కాలిపోతోంది. గుడుంబా కారణంగా నల్లబెల్లం అమ్మకంపై ఉన్న ఆంక్షలు ఈ పనికి బెల్లం కొనబోయిన రైతునూ ఇబ్బంది పెడుతున్నాయి. పశువులు ఇంకా మిగిలి ఉన్న, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు గూడేలు ఈ తయారీకి సహజంగా అనువైన చోట్లు. ఒక్క హెచ్చరిక మాత్రం అవసరం: జీవామృతంలోని సూక్ష్మజీవుల సంఖ్య పాత్ర పాత్రకూ మారుతుంది కాబట్టి, దానిని రైజోబియం కల్చర్‌కు ప్రత్యామ్నాయంగా చెప్పడం సోయా రైతుకు అన్యాయం చేయడమే అవుతుంది.

ఈ రంగానికి అన్నిటికంటే ఎక్కువ హాని చేసినవి నకిలీలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బయో మందుల పేరుతో ఏ రిజిస్ట్రేషనూ లేని సీసాలు ఏళ్లతరబడి అమ్ముడయ్యాయి. కొన్నింటిలో ఏ జీవీ ఉండదు. మరికొన్నింటిలో లేబుల్ మీద చెప్పని రసాయన మందు కలిపి ఉంటుంది, పురుగు వెంటనే చావడంతో రైతు దానినే మంచి బయో అనుకుంటాడు. మొక్కల ఎదుగుదలను ప్రేరేపించే జీవ ఉత్ప్రేరకాలను 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. అంతకు ముందు దేశంలో అటువంటి ఉత్పత్తులు సుమారు 30,000 దాకా అదుపు లేకుండా అమ్ముడయ్యేవని, కఠిన తనిఖీల తరువాత అవి 650 ప్రాంతానికి తగ్గాయని 2025 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి చెప్పారు. ఈ అంకెలను చూసిన తరువాత, జీవ ఉత్పాదకాలు పని చేయవని చెప్పే రైతును తప్పుపట్టడం కుదరదు. అతడు కొన్నది అసలు జీవ ఉత్పాదకమే కాకపోవచ్చు.

చట్టం బిగించినప్పుడు దాని భారం నకిలీ వ్యాపారి మీద పడినంతగా నిజాయితీగా పనిచేసే మహిళా సంఘం మీద కూడా పడుతుంది. ట్రైకోడెర్మా, పురుగులను చంపే శిలీంధ్రమైన బవేరియా వంటి వాటిని అమ్మాలంటే 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్, తయారీ లైసెన్సు కావాలి. వాటికి కావలసిన పరీక్షల సమాచారం, ఖర్చు ఒక గ్రామ సంఘానికి మోయలేనివి. ఒక విశ్వవిద్యాలయం లేదా ప్రభుత్వ సంస్థ తన పేరుతో రిజిస్టర్ చేసిన రకాన్ని, తన పర్యవేక్షణలో పెంచే సంఘాలకు ఇచ్చే ఏర్పాటు ఉండడం న్యాయం. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 25న 2,481 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ సహజ వ్యవసాయ మిషన్‌లో 10,000 జీవ ఉత్పాదక వనరుల కేంద్రాలు ప్రతిపాదించారు. వాటిలో ఉత్తర తెలంగాణకు వచ్చేవి జీవామృతం డ్రమ్ముల దగ్గరే ఆగిపోకుండా, ట్రైకోడెర్మా, ట్రైకో కార్డుల వరకు ఎదగాలంటే వాటి వెనుక ఒక పరీక్షాగారం ఉండాలి. సజీవ కణాల లెక్కకు నమూనాను దశలవారీగా పలుచన చేసి, పోషక పదార్థంపై పెంచి, మొలిచిన గుంపులను లెక్కించాలి. దీనికి మూడు నాలుగు రోజులు పడుతుంది. నమూనాను ఎండలో హైదరాబాదు దాకా పంపితే దారిలో చనిపోయిన కణాలకు తయారీదారు శిక్ష అనుభవించవలసి వస్తుంది. పొలాసలో ఒకటి, ఆదిలాబాద్ వ్యవసాయ పరిశోధన స్థానంలో ఒకటి చొప్పున పరీక్షాగారాలు ఉంటే గోదావరికి రెండువైపులా సరిపోతుంది.

అమ్మకం మరో సమస్య. గిరాకీ జూన్, జులై నెలల్లో, మళ్లీ అక్టోబర్, నవంబర్‌లలో మాత్రమే ఉంటుంది. మిగతా నెలల్లో పనివాళ్లకు జీతం ఎక్కడినుంచి రావాలన్నది చిన్న తయారీదారు ముందున్న ప్రశ్న. సబ్సిడీతో 45 కిలోల యూరియా బస్తా సుమారు 266 రూపాయలకే దొరుకుతుండగా, ఆ పక్కన ఉన్న జీవన ఎరువు సీసా రైతుకు ఖరీదుగానే తోస్తుంది. ఈ చిక్కును వ్యాపారి కంటే సహకార సంఘం బాగా విప్పగలదు. ఒకప్పటి కరీంనగర్ జిల్లాలో, నేటి హనుమకొండ జిల్లాలో ఉన్న ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో ఏర్పడి, సభ్యులకు అప్పు, ఎరువులు, విత్తనం ఇచ్చి వారి పంటను తానే కొంటూ వస్తోంది. సీజనుకు ముందే సభ్యుల నుంచి ఆర్డరు తీసుకుని, కావలసినంతే తయారు చేయించి, వారంలో పంచగల శక్తి ఇటువంటి సంఘానికి ఉంటుంది. సుమారు ఐదువేల ఎకరాలకు ఒకటి చొప్పున రాష్ట్రంలో కట్టిన 2,601 రైతువేదికలు ఆ ఆర్డర్లు సేకరించడానికి సిద్ధంగా ఉన్న చోట్లు.

రామగుండం కర్మాగారం కూడా ఈ కథలో భాగం కాగలదు. యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి; నిబంధన ప్రకారం అందులో కనీసం 0.035 శాతం వేపనూనె, అంటే టన్నుకు 350 గ్రాములు ఉండాలి. పూర్తి సామర్థ్యంతో నడిచే సంవత్సరంలో ఆ ఒక్క కర్మాగారానికి 440 టన్నులకు పైగా వేపనూనె కావాలి. గుజరాత్‌లో నర్మదా వ్యాలీ ఎరువుల సంస్థ తన పూతకు కావలసిన వేపగింజలను 2015 నుంచి పల్లె మహిళల చేత ఏరించి కొనుగోలు చేసింది. జూన్‌లో వేపపండ్లు రాలే కాలంలో మంచిర్యాల, పెద్దపల్లి మహిళా సంఘాలు గింజలను ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి ఇస్తే, నూనె కర్మాగారానికి, పిండి పసుపు తోటలకు, మిగిలిన గింజ కషాయానికి వెళ్తుంది. ఇటీవలి సంవత్సరాల్లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు ఎండిపోతున్న తెగులు ఈ వనరును బెదిరిస్తున్నందున, చెట్లను కాపాడే పని కూడా ఇందులో భాగమే.

వచ్చే వానాకాలానికి సోయా, కంది వేయబోయే శ్రోతలు కల్చర్ కొనేటప్పుడు అది ఏ పంటకు చేసినదో, తయారైన తేదీ, గడువు తేదీ, సజీవ కణాల సంఖ్య, లైసెన్సు నంబరు లేబుల్ మీద చదివి, బిల్లు తీసుకోవాలి. ఇంటికి తెచ్చిన సీసాను ఎండలో, పురుగుమందుల పక్కన ఉంచకుండా, విత్తనానికి శిలీంధ్రనాశిని పట్టించి ఆరిన తరువాతనే కల్చర్ పట్టించి, నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తుకోవాలి. లేబుల్ మీద ఉండవలసిన వివరాల్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ సీసాను కొనకుండా, మండల వ్యవసాయ అధికారికి తెలియజేయాలి.